పిల్లల కారు సీట్లు, బూస్టర్ సీట్లు: చట్టం ఏం చెబుతోంది? తరచుగా అడిగే ప్రశ్నలు

మన దేశంలో పిల్లలను కారులో తీసుకువెళ్లేటప్పుడు ప్రత్యేకమైన సీటు చట్టప్రకారం తప్పనిసరా?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 194బి సెక్షన్ ఈ విషయాన్ని చూస్తుంది. 2019లో పార్లమెంటు చేసిన సవరణతో ఈ సెక్షన్ కొత్తగా వచ్చి చేరింది. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉంది. దాని రెండో ఉపసెక్షన్ ప్రకారం, 14 ఏళ్లు నిండని పిల్లలను సీటు బెల్టుతో గాని, పిల్లల కోసం తయారైన రక్షణ సీటుతో గాని కట్టి ఉంచకుండా మోటారు వాహనం నడిపినా, నడిపించినా, నడపనిచ్చినా శిక్షార్హమే. ఈ రక్షణ సీటుకు చట్టం పెట్టిన పేరు 'చైల్డ్ రెస్ట్రెయింట్ సిస్టమ్'. దుకాణాలలో బేబీ సీటు, కారు సీటు, బూస్టర్ సీటు అనే పేర్లతో అమ్మేవన్నీ దాని కిందికే వస్తాయి.

అంటే ప్రతి ఇంటివారూ చైల్డ్ సీటు కొనితీరాలని చట్టం నేరుగా అనలేదు. బిడ్డ ఏదో ఒకదానితో కట్టి ఉండాలని మాత్రం స్పష్టంగా అన్నది. నిన్న పుట్టిన శిశువుకూ, ఎనిమిదో తరగతి చదివే పిల్లవాడికీ ఒకటే వాక్యం వర్తిస్తుంది. ఎత్తు, బరువుల ప్రస్తావన ఆ సెక్షన్‌లో లేదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

బెల్టు గాని, సీటు గాని అని చట్టమే అంటున్నప్పుడు చిన్నపిల్లలకు మామూలు సీటు బెల్టు పెడితే సరిపోదా?

తల్లిదండ్రులు ఎక్కువగా పట్టుకునే మినహాయింపు ఇదే. కాగితం మీద అది నిజమే. పదకొండేళ్ల పొడుగరి పిల్లవాడికి బెల్టు చాలు, సీటు కొననక్కరలేదు. అదే మాటను రెండేళ్ల బిడ్డకు వర్తింపజేస్తేనే తేడా వస్తుంది.

కారులోని మూడు కొసల బెల్టును పెద్దవారి శరీరాన్ని దృష్టిలో పెట్టుకుని తయారు చేస్తారు. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా అది పిల్లలకు సరిగా కుదరదు. ఒకసారి కారు ఆపి ఉన్నప్పుడు రెండేళ్ల బిడ్డకు ఆ బెల్టు పెట్టి చూస్తే సంగతి అర్థమవుతుంది. పై పట్టీ భుజం మీద నిలవదు, మెడకో చెంపకో ఒరుసుకుంటుంది. కింది పట్టీ తుంటి ఎముకల మీద ఉండవలసింది పోయి పొట్ట మీదికి ఎక్కుతుంది. సీటు లోతు ఎక్కువ కావడంతో బిడ్డ కాళ్లు మోకాళ్ల దగ్గర వంగవు. వంచుకోవడానికి బిడ్డ ముందుకు జారే కొద్దీ కింది పట్టీ ఇంకా పైకి పోతుంది. మెడకు ఒరుసుకుంటోందని పై పట్టీని చంక కిందికో వీపు వెనక్కో తోసేయడం మన కార్లలో రోజూ కనిపించే దృశ్యం. అప్పుడు గట్టిగా బ్రేకు పడితే నడుము దగ్గర ఒక్క పట్టీ తప్ప పైభాగాన్ని పట్టి ఉంచేదేదీ ఉండదు; ఆ ఒక్క పట్టీ కూడా ఎముక మీద కాకుండా మెత్తని కడుపు మీద ఉంటుంది.

చట్టం కోరేది బెల్టు తగిలించి ఉండడం ఒక్కటే కాదు, బిడ్డ దానితో భద్రంగా ఉండాలి. అందువల్ల బెల్టు కుదరని వయసులో ఆ సెక్షన్‌ను నిజంగా పాటించాలంటే చైల్డ్ సీటు ఒక్కటే దారి అని మా అవగాహన. చలానా రాసే అధికారి అంత లోతుకు వెళ్లకపోవచ్చు, రోడ్డు వెళ్తుంది.

బిడ్డను ఒళ్లో పెట్టుకుని తల్లి బెల్టు పెట్టుకుంటే చట్టానికి సరిపోతుందా?

సరిపోదు. తల్లి బెల్టు తల్లిని మాత్రమే కడుతుంది. బిడ్డను కట్టింది బెల్టూ కాదు, చైల్డ్ సీటూ కాదు.

'గట్టిగా పట్టుకుంటాం కదా' అనే పెద్దలకు ఒక చిన్న లెక్క చెప్పవచ్చు. గంటకు 50 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఆ వేగంతో పోయే కారు దేనినైనా గుద్దుకుని సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోయిందనుకుందాం. ఆ క్షణంలో బిడ్డను అక్కడే నిలిపి ఉంచడానికి కావలసిన బలం బిడ్డ బరువుకు ఇంచుమించు 14 రెట్లు. పది కిలోల బిడ్డయితే 140 కిలోల బరువును రెండు చేతులతో, ముందు హెచ్చరిక లేకుండా, ఆపవలసి ఉంటుంది. బియ్యం బస్తాలు మోసే హమాలీకి కూడా అది సాధ్యం కాదు. నగరంలోపలి వేగానికే ఇంత లెక్క; హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద వేగం రెట్టింపయితే, అంతే సమయంలో ఆగినా, బలం కూడా రెట్టింపవుతుంది.

తల్లినీ బిడ్డనూ కలిపి ఒకే బెల్టు చుట్టడం ఇంతకన్నా ప్రమాదకరం. గుద్దుకున్నప్పుడు తల్లి శరీర భారమంతా ముందున్న బిడ్డ మీద పడి, బెల్టుకూ తల్లికీ మధ్య బిడ్డ నలిగిపోతుంది.

జరిమానా ఎంత? ఎవరు కట్టాలి?

సెక్షన్‌లో రాసి ఉన్నది 1000 రూపాయలు. అంతకుముందు సీటు బెల్టు ఉల్లంఘనలను 177 అనే సాధారణ సెక్షన్ కింద తొలిసారికి 100 రూపాయలతో సరిపెట్టేవారు. అయితే ఈ నేరాన్ని కోర్టు దాకా వెళ్లకుండా రుసుము కట్టి రాజీ చేసుకునే వీలు 200 సెక్షన్ కల్పిస్తుంది. ఆ రుసుము ఎంతో నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలది. అందుకే ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చలానా మీద కనిపించే మొత్తం తెలంగాణ చలానాతో కలవకపోవచ్చు. మీకు వర్తించే మొత్తాన్ని ఆయా రాష్ట్రాల రవాణా శాఖ, పోలీసు శాఖ ఈ-చలానా వేదికల మీద చూసుకోవడం మంచిది.

కట్టవలసినది ఎవరన్న ప్రశ్నకు సెక్షన్ వాక్యంలోనే జవాబుంది. నడిపినవారితో పాటు, నడిపించినవారు, నడపనిచ్చినవారు కూడా బాధ్యులే. కారు యజమాని వెనుక సీట్లో బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుని, జీతానికి పెట్టుకున్న డ్రైవరుతో బండి నడిపిస్తున్నప్పుడు తప్పంతా డ్రైవరు మీదికి నెట్టే అవకాశం లేదు.

ఇక్కడే ఒక వింత చెప్పుకోవాలి. హెల్మెట్ లేకుండా బండి నడిపితే 194డి సెక్షన్ కింద 1000 రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉంది. బిడ్డను కట్టకుండా కారు నడిపితే 194బి కింద డబ్బు కట్టి ముందుకు పోవచ్చు. తన తల గురించి అజాగ్రత్తగా ఉన్నవారికి పడే శిక్ష, తన బిడ్డ గురించి అజాగ్రత్తగా ఉన్నవారికి పడే శిక్షకన్నా పెద్దది.

ఇంతవరకు ఎవరూ ఆపి అడగలేదు. ఈ నిబంధన నిజంగా అమలులో ఉన్నట్టేనా?

చట్టం అమలులో ఉంది, తనిఖీ పలుచగా ఉంది. ఈ రెండింటినీ కలిపి చూడకూడదు. 2024 అక్టోబరులో కేరళ రవాణా కమిషనర్ పిల్లల సీట్లను తప్పనిసరి చేసి, కొద్ది నెలల అవగాహన కాలం తర్వాత జరిమానాలు వేస్తామని ప్రకటించారు. వెంటనే విమర్శలు రావడంతో ఆ రాష్ట్ర రవాణా మంత్రి స్వయంగా వెనక్కి తగ్గారు. కేరళ వెనక్కి తీసుకున్నది తనిఖీల ప్రణాళికను మాత్రమే. 194బి పార్లమెంటు చేసిన చట్టం. అది అక్కడా ఇక్కడా ఒకేలా ఉంది.

ఓలా, ఉబర్ వంటి క్యాబ్‌లలో ఎక్కినప్పుడు ఏం చేయాలి?

రెండో ఉపసెక్షన్ 'మోటారు వాహనం' అనే అంటుంది. సొంత కారని గాని, అద్దె కారని గాని తేడా చూపదు. కొన్ని తరగతుల రవాణా వాహనాలను మినహాయించే అధికారం రాష్ట్రాలకు ఉన్నమాట నిజమే కాని, ఆ అధికారం పెద్దల బెల్టుకు సంబంధించిన మొదటి ఉపసెక్షన్‌కే పరిమితం. బ్రిటన్‌లో టాక్సీ డ్రైవరు దగ్గర పిల్లల సీటు లేకపోతే మూడేళ్లలోపు పిల్లలు వెనుక సీట్లో బెల్టు లేకుండా, అంతకన్నా పెద్దవారు పెద్దల బెల్టుతో ప్రయాణించవచ్చని చట్టమే వెసులుబాటు ఇచ్చింది. 194బి రెండో ఉపసెక్షన్‌లో అలాంటి మినహాయింపు రాసి లేదు.

ఆచరణలో క్యాబ్‌లో మొదటి అడ్డంకి చైల్డ్ సీటు కాదు, బెల్టే. చాలా క్యాబ్‌లలో రెగ్జిన్ సీటు కవరు తొడిగేటప్పుడు వెనుక బకిళ్లను దాని కిందే పూడ్చేస్తారు. వేలు దూర్చి వెతికితే గాని బయటికి రావు, కొన్నింటిలో అప్పుడూ రావు. సీటు వెంట తీసుకువెళ్లినా దానిని బిగించడానికి ఆ బకిలు కావాలి. అందువల్ల శంషాబాదు విమానాశ్రయం దాకా వెళ్లడం వంటి దూర ప్రయాణానికి బండి మాట్లాడుకునేటప్పుడే వెనుక బెల్టులు పనిచేస్తున్నాయా అని అడగండి. బూస్టర్ వయసు వచ్చిన పిల్లలకు తేలికపాటి బూస్టరును చేతిలో పట్టుకుపోవడం పెద్ద కష్టమేమీ కాదు. ఆటోలలో వెనుక కూర్చునేవారికి బెల్టే ఉండదు కాబట్టి చైల్డ్ సీటు బిగించే మార్గం లేదు.

ఏ వయసుకు ఏ రకం సీటు?

దీనికి జవాబు 194బిలో దొరకదు, ప్రమాణాలలో దొరుకుతుంది. మన దేశంలో పిల్లల సీట్లకు ఏఐఎస్-072 అనే ప్రమాణం ఉంది. ఐరోపాలో చాలాకాలంగా ఉన్న ఆర్44 నియమాన్ని అనుసరించి దానిని రూపొందించారు. అందులో సీట్లను బిడ్డ బరువును బట్టి తరగతులుగా విడదీశారు: 10 కిలోల దాకా 0, 13 కిలోల దాకా 0+, 9 నుంచి 18 కిలోల దాకా 1, 15 నుంచి 25 కిలోల దాకా 2, 22 నుంచి 36 కిలోల దాకా 3. ఐరోపాలో తర్వాత వచ్చిన ఆర్129 నియమం బరువుకు బదులు ఎత్తును కొలమానంగా తీసుకుంది. బిడ్డకు కనీసం 15 నెలలు నిండేదాకా వెనుకకు తిరిగి ఉండే సీటే వాడాలని కట్టడి చేసింది. ఈ రెండు రకాల ముద్రలున్న సీట్లూ మన దుకాణాలలో కనిపిస్తాయి.

వెనుకకు తిరగడం అంటే బిడ్డ ముఖం కారు వెనుక అద్దం వైపు ఉండడం. పసిబిడ్డ తల పొడవు మొత్తం శరీరం పొడవులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది. దానిని మోసే మెడ మాత్రం ఇంకా లేతగా ఉంటుంది. ఎదురుగా ఢీకొన్నప్పుడు ముందుకు తిరిగి కూర్చున్న బిడ్డ మొండెం పట్టీల దగ్గర ఆగిపోతుంది, తల మాత్రం ముందుకు పోతుంది, ఆ లాగుడంతా మెడ భరించాలి. వెనుకకు తిరిగి ఉన్నప్పుడు తల, మెడ, వీపు కలిసి సీటు వీపులోకి ఒత్తుకుంటాయి. కాళ్లు ముడుచుకోవలసి వస్తోందనీ, ముఖం కనిపించడం లేదనీ మన ఇళ్లలో పుట్టినరోజు కాగానే సీటును ముందుకు తిప్పేస్తుంటారు. ఆ సీటు మీద రాసి ఉన్న ఎత్తు, బరువుల పరిమితి దాటేదాకా తిప్పకపోవడమే మేలు. ముడుచుకున్న కాళ్లు పిల్లలకు ఇబ్బంది కాదు. నేల మీద వారు కూర్చునేదే అలా.

పట్టీల విషయంలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. వెనుకకు తిరిగిన సీటులో భుజం పట్టీలు బిడ్డ భుజాల మట్టానికి గాని కొంచెం కిందనుంచి గాని రావాలి; ముందుకు తిరిగిన సీటులో భుజాల మట్టానికి గాని కొంచెం పైనుంచి గాని రావాలి. బిగించాక భుజం దగ్గర పట్టీని బొటనవేలు, చూపుడువేలు మధ్య చిటికెడు పట్టుకోవడానికి ప్రయత్నించండి. మడత దొరికితే ఇంకా వదులుగా ఉన్నట్టే.

బూస్టర్ సీటు ఎందుకు? ఎప్పటిదాకా?

బూస్టరుకు సొంత పట్టీలు ఉండవు. అది చేసే పని ఒక్కటే: పిల్లవాడిని కొంత ఎత్తున కూర్చోబెట్టి, కారు బెల్టు సరైన చోట పడేటట్టు చేయడం. కింది పట్టీ తుంటి మీద, పై పట్టీ భుజం మధ్య నుంచి ఛాతీ మీదుగా రావాలి. బిడ్డను తన సొంత ఐదు పట్టీలతో కట్టి ఉంచే చైల్డ్ సీటు పరిమితి దాటిన తర్వాత, ఇంచుమించు నాలుగైదేళ్ల నుంచి దీని అవసరం వస్తుంది. వీపు ఉన్న బూస్టరు తలకు పక్కల నుంచి ఆసరా ఇస్తుంది, నిద్రపోతే తల వాలిపోకుండా చూస్తుంది, కాబట్టి వీపు లేని పీటకన్నా అదే ఉత్తమం.

మానేయడానికి వయసు చూడనక్కరలేదు, కూర్చోబెట్టి చూడాలి. నడుము సీటు వీపుకు ఆనించి కూర్చుంటే మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగుతున్నాయా, కింది పట్టీ తొడల మొదళ్లలో నిలుస్తోందా, పై పట్టీ మెడకు తగలకుండా ఉందా, ప్రయాణమంతా పిల్లవాడు అలాగే కూర్చోగలుగుతున్నాడా? అన్నింటికీ అవునన్న జవాబు వస్తే బూస్టరు తీసేయవచ్చు. అది సాధారణంగా 145 సెంటీమీటర్ల దగ్గర, పదేళ్లకో పన్నెండేళ్లకో వస్తుంది. వెనుక మధ్య సీటుకు నడుము బెల్టు మాత్రమే ఉన్న పాత కార్లలో బూస్టరును అక్కడ వాడకూడదు. మూడు కొసల బెల్టు ఉన్న కిటికీ పక్క సీటు చూసుకోవాలి.

పిల్లలను ముందు సీటులో కూర్చోబెట్టడం నేరమా?

194బి ముందు సీటును నిషేధించలేదు. అయినా వెనుకకు తిరిగే సీటును ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో ఎన్నడూ పెట్టకూడదు. తెరుచుకునే ఎయిర్‌బ్యాగ్ నేరుగా బిడ్డ తల వెనుక ఉన్న సీటు వీపును కొడుతుంది. సన్‌వైజర్ మీద అంటించి ఉండే హెచ్చరిక బొమ్మ దీని గురించే. కొత్త మోడళ్లకు 2021 ఏప్రిల్ 1 నుంచి, అప్పటికే అమ్మకంలో ఉన్న మోడళ్లకు ఆ ఏడాది డిసెంబరు 31 నుంచి ముందు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది కాబట్టి, ఇటీవలి కార్లన్నింటికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. కొన్ని కార్లలో ఆ ఎయిర్‌బ్యాగ్‌ను తాళంచెవితో ఆపే మీట ఉంటుంది; ఉందో లేదో కారు పుస్తకంలో చూడండి. వెనుక సీటు ఖాళీగా ఉన్నంతకాలం ఈ బెడదే అవసరం లేదు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

ధర, రంగు, గ్లాసు పెట్టుకునే గుంట తర్వాత చూడవచ్చు. ముందుగా సీటు వెనుకో అడుగునో అంటించిన ఆమోదపు చీటీ వెతకండి. ఐరోపా ఆమోదం పొందిన సీటు మీద నారింజ రంగు చీటీ, అందులో వృత్తంలో 'ఇ' అక్షరమూ దాని పక్కన దేశపు అంకె, ఆర్44 లేదా ఆర్129 సంఖ్య, వర్తించే బరువు లేదా ఎత్తు ఉంటాయి. ఇవేవీ లేకుండా గుడ్డ పట్టీలతో, స్పాంజి దిండ్లతో సీటుకు కట్టుకునే వస్తువులను కూడా ఆన్‌లైన్‌లో 'కార్ సేఫ్టీ సీటు' అనే పేరుతో అమ్ముతున్నారు. అలాంటివి ఎంత చౌకగా వచ్చినా డబ్బు వృథాయే.

మా కారు పాతది, ఐసోఫిక్స్ లేదు. సీటు పెట్టలేమా?

పెట్టవచ్చు. ఐసోఫిక్స్ అంటే వెనుక సీటు వీపూ కూర్చునే భాగమూ కలిసే సందులో, 28 సెంటీమీటర్ల ఎడంతో ఉండే రెండు లోహపు కొక్కేలు. చైల్డ్ సీటు చేతులు వాటికి 'టక్'మని తగులుకుంటాయి. పైన మూడో పట్టీ గాని, కింద నేలకు ఆనే కాలు గాని సీటు ముందుకు తూలకుండా ఆపుతుంది. దీని గొప్పతనం తప్పుగా బిగించే అవకాశం తక్కువ కావడమే. అది లేనప్పుడు కారు బెల్టుతోనే బిగించుకునే సీటు తీసుకోవాలి. సీటు మీద రంగు గుర్తులతో చూపిన దారిలోనే బెల్టును పోనిచ్చి, మోకాలితో సీటును నొక్కిపట్టి, బెల్టు లాగి బిగించాలి. చివరికి బెల్టు పోయే చోట సీటును పట్టుకుని ఊపితే రెండున్నర సెంటీమీటర్లకు మించి కదలకూడదు. కొనేముందు దుకాణం బయటే మీ కారులో ఒకసారి బిగించి చూపించమనండి. బెల్టు పొడవు చాలకపోవడం చిన్న కార్లలో వింతేమీ కాదు.

కారుకు ఐదు నక్షత్రాలు వచ్చాయంటే పిల్లలకు కూడా భద్రమేనా?

కార్లను ఢీకొట్టించి చూసి నక్షత్రాలు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు 2023 అక్టోబరు 1 నుంచి మొదలయ్యాయి. అందులో పెద్దల రక్షణకు, పిల్లల రక్షణకు వేర్వేరుగా అంకాలు ఇస్తారు. పిల్లలవి మొత్తం 49: ఢీకొట్టే పరీక్షకు 24, చైల్డ్ సీట్లు ఎంత సులువుగా బిగుస్తాయన్నదానికి 12, కారులోని ఏర్పాట్లకు 13. ఆ పరీక్షలలో కూర్చోబెట్టే ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లల బొమ్మలు రెండూ చైల్డ్ సీట్లలోనే కూర్చుంటాయి. ప్రకటనలో కనిపించే నక్షత్రాలు ఒళ్లో కూర్చున్న బిడ్డకు వర్తించవు.

సన్‌రూఫ్‌లోంచి పిల్లలు కాసేపు నిలబడితే తప్పా?

తప్పే. నిలబడిన బిడ్డ బెల్టులోనూ లేదు, సీటులోనూ లేదు.

మాకు కారు లేదు, స్కూటరు మీదే తీసుకువెళతాం. దానికి నియమాలున్నాయా?

ఉన్నాయి, వాటి గురించి తెలిసినవారు మరీ తక్కువ. కేంద్ర మోటారు వాహనాల నియమాలలోని 138వ నియమానికి 2022 ఫిబ్రవరి 15న ఒక సవరణ వెలువడింది. ఏడాది తర్వాత అది అమలులోకి వచ్చింది. దాని ప్రకారం నాలుగేళ్లలోపు బిడ్డను ద్విచక్రవాహనం మీద తీసుకువెళ్లేటప్పుడు నడిపేవారికి బిడ్డను కలిపి కట్టే రక్షణ జాకెట్టు వాడాలి. బిడ్డ తొడుక్కునే ఆ జాకెట్టుకు ఉన్న పట్టీలను నడిపేవారు భుజాలకు తగిలించుకుంటారు. అది తేలికగా, నీటికి తడవకుండా, 30 కిలోల బరువు ఆపగలిగేలా ఉండాలని నియమంలోనే రాశారు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలకు తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి. సైకిలు హెల్మెట్ కూడా, నియమంలో చెప్పిన ప్రమాణానికి తగినదైతే, పనికివస్తుంది. బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. నాలుగేళ్లు దాటినవారికి 129 సెక్షన్ ప్రకారం పెద్దలతో సమానంగా హెల్మెట్ తప్పనిసరి. ఇక 128 సెక్షన్ నడిపేవారు కాక ఒక్కరినే అనుమతిస్తుంది. ముందు ఒకరు, మధ్యలో ఒకరు, వెనుక ఒడిలో ఒకరుగా సాగే మన ఆదివారపు ప్రయాణాలకు అందులో చోటు లేదు.

విదేశాలలో ఉన్న మనవల దగ్గరికి వెళుతున్నాం. అక్కడి నియమాలు ఎలా ఉంటాయి?

అమెరికాలో ఇది రాష్ట్రాల చట్టం, ఒక్కోచోట ఒక్కో తీరు. కాలిఫోర్నియాలో రెండేళ్లలోపు బిడ్డ వెనుకకు తిరిగిన సీటులోనే ఉండాలి; 40 పౌండ్ల బరువు లేదా 40 అంగుళాల ఎత్తు వచ్చిన పిల్లలకు మాత్రం మినహాయింపు ఉంది. ఎనిమిదేళ్లు నిండేదాకా, లేదా 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు వచ్చేదాకా కారు సీటు గాని బూస్టరు గాని వాడాలి. టెక్సస్‌లోనూ ఎనిమిదేళ్లు, 4 అడుగుల 9 అంగుళాలే గీత. బ్రిటన్‌లో 12 ఏళ్లు లేదా 135 సెంటీమీటర్లు, ఏది ముందు వస్తే అది; జరిమానా 500 పౌండ్ల దాకా ఉండవచ్చు. యూఏఈలో నాలుగేళ్లలోపు పిల్లలకు సీటు తప్పనిసరి, పదేళ్లలోపువారినీ 145 సెంటీమీటర్లకన్నా పొట్టివారినీ ముందు కూర్చోబెట్టకూడదు. ఉల్లంఘిస్తే 400 దిర్హాములు, లైసెన్సు మీద నాలుగు నల్ల మార్కులు.

మనవడు గుక్కపట్టి ఏడుస్తుంటే 'ఒక్క నిమిషం ఎత్తుకుంటానమ్మా' అని నడుస్తున్న కారులో బకిలు విప్పబోయే అమ్మమ్మలను, నానమ్మలను అక్కడి కొడుకులు, కూతుళ్లు కసురుకుంటారని చాలామంది చిన్నబుచ్చుకుంటారు. అక్కడ చలానా పడడం, పోలీసు రికార్డుకు ఎక్కడం మామూలు విషయాలు. కసురు వెనుక ఉన్నది ఆ భయమే. కారు పక్కకు ఆపించి, బిడ్డను తీసి ఊరడించి, మళ్లీ కట్టిన తర్వాతే బయలుదేరాలి. చలికాలంలో బిడ్డకు మందపాటి కోటు తొడిగి దాని మీద పట్టీలు బిగించకూడదు. కోటులోని దూది అణిగిపోతే పట్టీలు వదులవుతాయి. ముందు కట్టి, తర్వాత పైన కప్పాలి.

ఇక్కడ కొన్న సీటును అక్కడికి తీసుకుపోవచ్చా?

అమెరికాకు, ఆస్ట్రేలియాకు వద్దు. అమెరికాలో అక్కడి సమాఖ్య ప్రమాణం 213కు అనుగుణంగా ఉన్నట్టు చీటీ ఉండాలి. ఆస్ట్రేలియా తన సొంత ప్రమాణం ముద్ర లేని సీటును రోడ్డు మీద ఒప్పుకోదు. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. అమెరికా సీట్లను కారులోని కొక్కేలకు కలపడానికి సాధారణంగా కొక్కేలున్న గుడ్డ పట్టీలు ఉంటాయి. బెల్టుతో బిగించే పద్ధతి కూడా ఆ సీటు పుస్తకంలో ఉంటుంది కాబట్టి వచ్చేముందే చదువుకోవాలి.

చుట్టాలు వాడిన సీటు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

ఇచ్చేవారు బాగా తెలిసినవారై, ఆ సీటు ఉన్న కారు ఎన్నడూ ప్రమాదానికి లోను కాలేదని చెప్పగలిగితే తీసుకోవచ్చు. అడుగున ప్లాస్టిక్‌లో పోతపోసిన తయారీ తేదీ, వాడకం గడువు చూడండి. గడువు సాధారణంగా ఆరు నుంచి పదేళ్ల మధ్య ఉంటుంది. మన ఎండలకు నెలల తరబడి అద్దాలు మూసిన కారులో ఉన్న సీటు విషయంలో ఆ గడువును ఇంకా పట్టింపుగా చూడాలి. పట్టీల అంచులు పీచులు లేచాయా, బకిలు నొక్కితే తడబడకుండా విడుతోందా అన్నది చేత్తో పరీక్షించండి. బకిలులో బిస్కెట్టు పొడి చేరి సగమే తగులుకోవడం తరచుగా జరిగేదే. ప్లాస్టిక్ మీద తెల్లని గీతలాంటి పగులు కనిపిస్తే, చుట్టాలు ఏమనుకున్నా సరే, ఆ సీటు వద్దనండి. మే నెలలో గుంటూరులోనో విజయవాడలోనో ఎండలో నిలిపిన కారు ఎక్కేముందు బకిలు లోహాన్ని మీ చేతి వెనుక భాగంతో తాకి చూడండి. చురుక్కుమంటే తడిగుడ్డ వేసి చల్లారనిచ్చి, ఆ తర్వాతే బిడ్డను కూర్చోబెట్టండి.